పదిహేడో షరతు

గోడ మీది బోర్డులో ఆఖరి వరుసను పెద్దాయన తడుముకోకుండా చదివేశాడు.

దగ్గరి చూపు కార్డు చేతికిస్తే అదీ అంతే, గడగడా అప్పజెప్పాడు.

కళ్ళజోళ్ళ షాపాయన నవ్వాడు. "మీ పాత జోడే భేషుగ్గా ఉందండీ. కొత్తది అక్కర్లేదు."

"మరి ఈ కాగితం ఎందుకు ఆనటం లేదంటారు?"

పెద్దాయన ఒళ్ళో ఉన్న ఆసుపత్రి ఫైలు తెరిచి, ఎక్స్‌రే వెనక నుంచి నాలుగు మడతల కాగితం తీశాడు. ఒకచోట వేలు పెట్టి, ఆ ముక్క కాస్త చదివి పెట్టమన్నాడు.

షాపాయన గడియారం చూసుకున్నాడు. సాయంత్రం బ్రోకరు ఆఫీసులో సంతకాలున్నాయి.

పెళ్ళయిన పదహారేళ్ళలో ఇంటిల్లిపాదీ కలిసి ఊరు దాటింది లేదు. ఆదివారమైనా షాపు తీయాల్సిందే. పెద్దపిల్ల ఈ సెలవులు కాగానే హాస్టలుకి వెళ్ళిపోతుంది. ఆలోగా ఒక్కసారి అందరం ఎక్కడికైనా వెళ్దామని అడిగింది.

భార్య మెడలో గొలుసు తీసి అతని చేతిలో పెట్టింది.

"గొలుసుదేముందండీ, మళ్ళీ చేయించుకోవచ్చు. పిల్ల మళ్ళీ పిల్లగా దొరుకుతుందా?"

అప్పుడు దొరికాడు ఆ బ్రోకరు. హాలిడే క్లబ్బులో మెంబర్‌షిప్, కొండ మీద రిసార్టులో ఏటా ఒక వారం, నలుగురికీ గది. కొత్తది కొనే తాహతు లేదు కనుక సెకండ్ హ్యాండ్‌ది చూపించాడు. అమ్మేవాళ్ళింట్లో జబ్బట, డబ్బు అవసరమై సగానికే ఇస్తున్నారట. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ కలిసి మాట్లాడుకుంటే మాత్రం బేరం రద్దట. అది వాళ్ళ ఆఫీసు పద్ధతి అన్నాడు.

షాపాయన కాగితం అందుకుని చదివాడు.

"పదిహేడవ షరతు. బదిలీ పొందిన సభ్యునికి ప్రథమ శ్రేణి కాలములో వసతి హక్కు వర్తించదు."

"ఇంకొక్కసారి బాబూ. నెమ్మదిగా."

మళ్ళీ చదివాడు. రోజుకి నలభై మందితో అక్షరాలు చదివించే నోరు అది. చదివింది బుర్రదాకా పోవలసిన అవసరం ఏనాడూ రాలేదు.

"అంటే ఏమిటంటారు?"

"అక్షరం కనబడేలా చెయ్యడమే నా పనండీ. అర్థాలు చెప్పడానికి వకీళ్ళున్నారుగా."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత పిల్లలున్నారా అని అడిగాడు.

"ఇద్దరు."

"బడికి వెళ్తున్నారా?"

"బడికి కాక బజారుకి వెళ్తారా?"

పెద్దాయన నవ్వలేదు. ఏదో చెప్పబోయాడు. ఇంతలో ఫోను మోగింది. బ్రోకరు. అవతలి గొంతు గదంతా వినబడింది. ఐదింటికల్లా రావాలి సార్, మర్చిపోకండి అంటోంది.

ఆ గొంతు వినగానే పెద్దాయన లేచి ఫైలు చంకలో పెట్టుకున్నాడు.

"ఈ ముక్క ఇంట్లో మీ ఆవిడకి కూడా చదివి వినిపించు బాబూ. ఆలోచించి చెబుతుంది."

కాగితం బల్ల మీదే వదిలేసి వెళ్ళాడు. షాపాయన దాన్ని మరో రెండు మడతలు పెట్టి, ఊగుతున్న కుర్చీ కాలి కింద దోపాడు. కుర్చీ ఊగడం మానేసింది.

మధ్యాహ్నం భోజనానికి వెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్పి నవ్వాడు. ఏమీ తోచక వచ్చాడు, అరగంట తినేశాడు అన్నాడు. భార్య నవ్వలేదు.

"పాపం, ఏం అడగాలని వచ్చాడో. కాస్త కూర్చోబెట్టి కనుక్కోవాల్సింది."

ఐదింటికి, బ్రోకరు పెన్సిలుతో గుర్తులు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాడు. పేజీలు తిప్పడం కూడా బ్రోకరే తిప్పాడు. అతని పేరూ షాపు చిరునామా రాసి ఉన్న ఆ కాగితాల మీదే అమ్మినవాళ్ళు పొద్దున్నే వచ్చి, వాళ్ళ సంతకాలు పెట్టి వెళ్ళిపోయారట.

సెలవులొచ్చాయి. పెద్దది అందరి బట్టలూ ఒకే పెట్టెలో సర్దింది. చిన్నది ఈత ట్యూబు మెడలో వేసుకుని ఇల్లంతా తిరిగింది.

గది కోసం క్లబ్బుకి ఫోను చేశాడు.

"మీది చేతులు మారిన మెంబర్‌షిప్ కదండీ," అంది అవతలి అమ్మాయి. "బడి సెలవులన్నీ ప్రథమ శ్రేణి కిందకొస్తాయి. అప్పుడు మీకు గది ఉండదు. వానాకాలంలో ఏ వారమైనా ఇస్తాం."

ప్రథమ శ్రేణి. ఆ మాట తన నోటితోనే రెండుసార్లు అన్నాడు.

బ్రోకరు ఫోను ఎత్తలేదు.

వెనక గుమ్మంలో భార్యా, పెట్టె పక్కన పిల్లలూ నిలబడి ఉన్నారు. వాళ్ళవైపు తిరిగే ధైర్యం లేక అతను బీరువాలోంచి ఒప్పంద పత్రం తీశాడు. పదిహేడో షరతు చూశాడు. అవే అక్షరాలు. అక్కణ్ణుంచి ఒక్కో పేజీ, మొదటిసారిగా, తనే తిప్పుకుంటూ పోయాడు.

ఆఖరి పేజీలో, అమ్మినవారు అని రాసి ఉన్నచోట అతికించిన ఫోటోలోంచి, ఆసుపత్రి ఫైలుతో వచ్చిన ఆ పెద్దాయన పాత కళ్ళజోడుతో అతనివైపే చూస్తున్నాడు.