తలుపుకు ఆనించిన చీపురు

ఫిన్లాండ్ చలికి కీళ్లు బిగుసుకుపోయే ఐలికి, ఈ చలికాలానికి స్పెయిన్ సముద్రపు ఒడ్డున అద్దె ఇల్లు దొరికింది.

"నీ పుణ్యమా అని మోకాళ్లు వంగుతున్నాయయ్యా," అంది, చనిపోయిన భర్త తౌనో ఫొటోతో.

దీపం ఆర్పాక మెట్ల మీద మంచు తొక్కుతున్నట్టు కరకరమని అడుగులు వినిపించాయి. పోయిన చలికాలం ఒక రాత్రి వచ్చి తౌనో ప్రాణం తీసుకుపోయిన అడుగులే. అవి తలుపు దగ్గర ఆగాయి.

"ఇంట్లో ఎవరూ లేరు," అని ఎవరో ఆమె భాషలోనే గొణుక్కుని దిగిపోయారు.

ఆమె తలుపు తీయగానే బయట ఆనించి ఉన్న చీపురు కాళ్ల మీద పడింది. ఇంట్లో మనుషులు లేరనడానికి వాళ్ల ఊళ్లో పెట్టే గుర్తు అది. దాని పుల్లలకు కట్టిన ముడి తౌనో వేసే ముడే. వాటి మీద మంచు ఇంకా కరగలేదు.

"బతికించావయ్యా," అంటూ దాన్ని గడప అవతల పెట్టి తలుపు మూసుకుంది.

బయట, చీపురును మళ్లీ తలుపుకు ఆనించిన చప్పుడైంది.