మోతీ తప్పు

"పగ్గం గుంజకు నాయినా! గుంజితే తల ఎగరేస్తది," చక్రాల కుర్చీలోంచి అరిచింది సుహాసిని.

మద్దిలేటి గుర్రం పగ్గం మీద వేళ్లు వదులు చేశాడు. మోతీ నేల మీద పరిచిన నాలుగు కర్రలను ఒక్కొక్కటే దాటింది. ఐదోది మోకాలెత్తు అడ్డకర్ర. అది కనబడగానే దాని మెడ బిగిసింది, పరుగందుకోబోయింది. మద్దిలేటి దూకనివ్వలేదు. పక్కకు తిప్పి, ఒక చుట్టు నడిపించి, మళ్లీ మొదటి కర్ర దగ్గరికే తెచ్చాడు.

"పొద్దటిసంది తిప్పుతనే ఉన్నవ్. గుర్రానికి నేర్పుతున్నవా, గానుగ ఆడిస్తున్నవా?" అన్నాడు గడ్డి మోపు దించుతూ తిరుపతయ్య.

"ఉరికి దూకుడు ఎవనికైనా వస్తదన్నా. నిమ్మళంగ వచ్చి దూకాలె. దూకి ఆగాలె."

బీచుపల్లి దాటాక హైవే పక్కన జయపాల్ పెట్టిన స్వారీ బడి అది. పట్నం పిల్లలు ఆదివారాలు కార్లలో వస్తారు. అంతకుముందు మోతీ గద్వాలలో పెళ్లి ఊరేగింపుల గుర్రం. పెళ్లికొడుకు ఎక్కేముందు మద్దిలేటి రెండు చప్పట్లు కొడితే వెనక కాళ్ల మీద లేచి సలాం చేసేది. నోట్లో బెల్లం ముక్క పడేది. జయపాల్ గుర్రాన్ని కొన్నప్పుడు మనిషినీ పనిలో పెట్టుకున్నాడు. "పాత ఆటలన్నీ మరిపించిన సారూ" అని మద్దిలేటి అప్పుడే చెప్పాడు.

కిందటి దసరా పోటీలో సుహాసిని మోతీ మీద అన్ని కర్రలూ దాటింది. చివరిది దాటి దిగిన మరుక్షణం మోతీ నిట్టనిలువునా లేచింది. పిల్ల వెల్లకిలా కర్ర మీద పడింది. ఆ పక్కనే తాడు దగ్గర నిలబడ్డ మద్దిలేటే మొదట ఉరికాడు. దవాఖానలో రెండు నెలలున్నారు. నడుము కింద ఇక స్పర్శ రాదన్నారు. మైకు మోతకు బెదిరిందన్నారు కొందరు. పిచ్చి గుర్రమన్నారు మిగతావాళ్లు.

"నా కాళ్లు తిన్నదానికి గుగ్గిళ్లు పెడ్తున్నవ్," అని నెలరోజులు తండ్రితో మాట్లాడలేదు సుహాసిని. తర్వాత తనే కుర్చీ తోయించుకుని వచ్చి, తప్పులు చెప్పడం మొదలుపెట్టింది.

శుక్రవారం పొద్దున జయపాల్ వచ్చాడు. వెంట రాయచూరు బేరగాడు.

"నా కండ్ల ముందర ఒక్కసారి దూకిపియ్యి మద్దిలేటీ. ఎగిరిందా, ఇటుకబట్టీ బండికి పోతది."

మద్దిలేటి ఎక్కాడు. కర్రలు ఒకటి, రెండు, మూడు, నాలుగు. అడ్డకర్ర ముందు మోతీ మెడ బిగియలేదు. అడుగు పెంచకుండా వచ్చి, దూకి, దిగి, నాలుగడుగులు వేసి ఆగింది. తోక కూడా ఆడించలేదు.

"శభాష్ రా!" అని తిరుపతయ్య కేక వేశాడు.

"సప్పుడు చెయ్యకు!" మద్దిలేటి గొంతు చీలింది. తిరుపతయ్య బిత్తరపోయాడు.

జయపాల్ బేరగాణ్ని పంపేశాడు. "బంగారమసొంటి గుర్రం. దీనిదేం తప్పు లేదు. ఆ దినం నీ పిల్లే పగ్గం గుంజినట్టుంది," అని, వినబడుతుందన్న ఆలోచనైనా లేకుండా కారెక్కాడు.

మద్దిలేటి గుర్రం దిగి కూతురి దగ్గరికి వెళ్లాడు. ఆమె తన చేతులను చూసుకుంటోంది.

"నేనే గుంజిన్నా నాయినా?"

"లేదు బిడ్డా. నువ్వు గుంజలే."

"మోతీది తప్పు కాదని సారంటుండు. నాది కాదని నువ్వంటున్నవ్. మరెందుకు లేసింది?"

అతను తువ్వాలును రెండు చేతులకూ గట్టిగా చుట్టుకున్నాడు.

ఆ రోజు కూతురు చివరి కర్ర దాటగానే, సంతోషం పట్టలేక మద్దిలేటి రెండు చప్పట్లు కొట్టాడు.