చప్పుడు లేని కారు

“రాత్రంతా ప్లగ్గులో పెట్టాలంట గదా? నీ కారుకు కరెంటు పెడితే మా వీధికి ఫ్యూజు పోతాది, కోదండం!”

ఎదురు కొట్టు ఏకాంబరం పొద్దున్నే మొదలుపెట్టాడు. చింతాద్రిపేటలో ఈ మాటలు వినీ వినీ కోదండరాంకు విసుగెత్తిపోయింది. అయినా జవాబు చెప్పకుండా ఉండలేడు.

“ప్లగ్గూ లేదు, గిగ్గూ లేదు. ఇంజను తిరిగేటప్పుడు అదే బ్యాటరీని నింపుకుంటాది. బ్రేకు తొక్కినా నిండుతాది.”

“వానలో నీళ్ళు నిలిస్తే షాక్ కొట్టదా?”

“నీ కొట్టులో ఫ్రిజ్జు కొడతా ఉందా నిన్ను?”

“సరే అప్పా, లోపల ఇంజను, మోటారు రెండూ ఉంటే ఇద్దరు పెళ్ళాల సంసారమే గదా. నువ్వు లాగంటే నువ్వు లాగని రెండూ కూర్చుంటాయి!”

వీధంతా నవ్వింది. కోదండరాం కూడా నవ్వాడు.

షెడ్డులో ఉన్నది పాత హెరాల్డ్ కారు. పెట్రోలు ఇంజను ఉండగానే దానికి బ్యాటరీతో తిరిగే మోటారు కూడా బిగించాలని ఆయన ఏళ్ళ తరబడి పడ్డ పాట్లు ఆ వీధికి తెలుసు. పని సగంలో ఉండగా చక్కెర జబ్బు ఆయన కళ్ళు తినేసింది. ఆ తర్వాత అంతా తడిమి చేయడమే. చూపు అవసరమైన పని శిష్యుడు అరుముగానిది. ఈ తొంభై ఎనిమిది ఉగాదికి, జపాన్‌లో అట్లాంటి కారు అమ్మకానికే వచ్చిందని భార్య గోవిందమ్మ పేపరు చదివి వినిపిస్తే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “నేను చెప్పలా? చెప్పలా?” అని ఆ రోజంతా అదే మాట.

కానీ షెడ్డు సొంతదారు ఖాళీ చేయమన్నాడు. రేపు పొద్దున పాత ఇనుము వాళ్ళు వచ్చి బండిని ముక్కలు కోసి తీసుకుపోతారు. ఈలోగా ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, అది రోడ్డు మీద నడవాలి. ఆయనకు ఇంకేమీ వద్దు.

“అరుముగం, తీగలన్నీ కలిపినావా?”

“కలిపినా మేస్త్రీ.” గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

“భయపడబాకరా. సాయంత్రం పోదాం.”

మధ్యాహ్నం గోవిందమ్మ చూడ్డానికి రమ్మని వీధిలో ఇల్లిల్లూ తిరిగి పిలిచి వచ్చింది. తర్వాత వంటింట్లోంచి అల్లం, కరివేపాకు వాసన వచ్చింది.

“కుండెడు మజ్జిగ కలిపినట్టుండావే. ఎవరికే అంత?”

“జనం వస్తారు గదా. ఎండ చూడండి ఎట్లుందో!”

సాయంత్రం కోదండరాం ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. స్టీరింగు దగ్గర అరుముగం, వెనక సీట్లో గోవిందమ్మ.

“స్విచ్చి వెయ్యరా.”

టక్కుమంది. కారు కొంచెం ఊగి, మెల్లగా కదిలింది. చప్పుడు లేదు. పొగ లేదు. టైర్ల కింద గులకరాళ్ళు నలగడం తప్ప ఇంకేమీ వినబడలేదు. పొద్దున అంత నవ్విన వీధి ఇప్పుడు ఊపిరి బిగబట్టినట్టుంది.

“ఏకాంబరం! చూస్తా ఉండావా!” అని కేకేశాడు కోదండరాం.

గోవిందమ్మ సీట్లోంచి ముందుకు వంగింది.

“ఆయనకు నోట మాట రావడంలా,” అంది గోవిందమ్మ.

“రాదు మరి! ఎట్లా వస్తాది?” పొంగిపోయాడు ఆయన.

కూవం నది కంపు గుప్పుమంది. కారు ముక్కు పైకి లేచింది. వంతెన.

“ఎక్కుడు గదరా. ఈడ ఇంజను అందుకోవాల.”

“బ్యాటరీనే లాగతా ఉంది మేస్త్రీ. మంచి బలం.”

“ఎవరో ఆయాసపడతా ఉండారే?”

“రిక్షా అన్న. మన వెనకాలే వస్తా ఉండాడు.”

కోదండరాం కిటికీ మీద చెయ్యి పెట్టి కాసేపు అట్లాగే చెవి ఒగ్గి కూర్చున్నాడు. తర్వాత ఆయన ముఖం విప్పారింది.

“గోవిందా, ట్రాము గుర్తుందా నీకు?”

“ఎందుకు లేదు! పెళ్ళయిన కొత్తలో మీ నాయన నడిపే బండిలోనే గదా నన్ను ఊరంతా తిప్పినారు. గాలికి నా తల్లో పూలన్నీ రాలిపోయినాయి.”

“యాభై మూడులో ట్రాములు నిలిపేసిన నాడు మా నాయన ఇంటికొచ్చి కూడు ముట్టలా. నేను అప్పుడే అనుకున్నా. పొగ లేకుండా, చప్పుడు లేకుండా, మళ్ళీ ఒకనాడు నిన్ను ఎక్కించుకోని ఈ ఊళ్ళో పోవాలని.”

“పోతానే ఉండాం గదా!”

ఆయన తల బయట పెట్టి, తన నాయన ట్రాము గంట కొట్టినట్టు అరిచాడు. “ఠంగ్ ఠంగ్! జరగండి, జరగండి!”

“ఠంగ్ ఠంగ్!” అని వెనక నుంచి పదిమంది గొంతులు కలిశాయి. ఆయన పకపకా నవ్వాడు. అట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో.

“చాల్లేరా అరుముగం, ఈడే తిప్పు. ఎండ ఇంకా తగ్గలా.”

తిరుగుదారిలో వంతెన దిగుతుంటే కారు పరుగందుకుంది. గాలి ముఖానికి కొట్టింది. షెడ్డు ముందు ఆగాక కోదండరాం దిగి, తడుముకుంటూ ముందుకు వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు.

“రేపు వాళ్ళను తీసుకుపోనీ,” అన్నాడు. “నా కారు నడిచింది. నాకది చాలు.”

గోవిందమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఉండండి, మీకు మజ్జిగ తెస్తా.”

“నాకు తర్వాత,” అన్నాడు కోదండరాం నవ్వుతూ.

“ముందు కారు తోసినోళ్ళకు పొయ్యవే.”