పేరు మరిచిన ప్రార్థన

"ప్రభువా, ఈ సహోదరిని..." అంటూ పాస్టర్ యోబు ఆగిపోయాడు. గోదావరిఖని దవాఖానలో మంచం మీదున్న ముసలామె ఏళ్లుగా తన సంఘంలోనే ఉంది. అయినా పేరు గుర్తు రాలేదు.

జేబులో ఫోను మోగింది.

"నస్పూర్ ఊర్ల కొత్తింటి ప్రార్థన అంట! పొద్దటి సంది ఒక్క ముద్ద తిననియ్యలే. నేను మనిషిని కానా?" అని ఫోను చూస్తూ విసుక్కున్నాడు.

"సుగుణమణిని అయ్యగారూ," అందామె మెల్లగా. "మీరు మంచిగ పండుకొని ఎన్ని దినాలైంది?"

ఫోను మోగుతూనే ఉంది.

"ఇటియ్యుండ్రి," అంటూ సుగుణమణి ఫోను అందుకుంది.

ఆమే మాట్లాడింది. "అయ్యగారు పండుకున్నరు. ఇయ్యాల రారు."

యోబు గాబరాగా లేవబోయి, మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. ఆమె మాట అబద్ధం కాకూడదని, గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.