నడుము దగ్గర కుట్లు

"అమ్మా, ఏం చేశావ్!"

షామ్‌బర్గ్‌లో ఇంటి దగ్గరే ఆల్టరేషన్లు చేసే చాముండేశ్వరి చేతిలో కత్తెర ఉంది. ఎదురుగా బల్ల మీద, కూతురు స్పందనకి కాబోయే అమెరికన్ అత్తగారు పెళ్లికి వేసుకోమని ఇచ్చిన వందేళ్లనాటి ఫ్రెంచ్ లేసు గౌను. నడుము దగ్గర కుట్లన్నీ విప్పేసి ఉన్నాయి.

"వాళ్లింట్లో ముగ్గురు పెళ్లికూతుళ్లు వేసుకున్న డ్రెస్ ఇది! రూయిన్ చేసేశావ్! ఇప్పుడు ఆవిడకి ఏం చెప్పాలి?"

"నిన్న ఇది వేసుకుని కళ్లు తిరిగి పడ్డానని చెప్పు. నెల రోజులుగా తిండి మానేశానని చెప్పు!"

"అందరికీ ఇలాగే సరిపోయిందని ఆవిడే అంది. నేనే లావు!"

"ఎవరికి సరిపోయిందే?" చాముండేశ్వరి గౌను తిరగేసి కూతురి ముందుకు తోసింది. "చూడు!"

ఎంబ్రాయిడరీ పువ్వుల వెనక పాత సూదిపోట్లు మూడు వరసలుగా ఉన్నాయి. ఒక్కో వరసలో ఒక్కో రంగు దారపు ముక్కలు. వేసుకున్న ప్రతి పెళ్లికూతురికీ ఎవరో నడుము మార్చి కుట్టారు.

స్పందన చాలాసేపు వాటిని వేలితో తడిమింది. కోపం తగ్గలేదు గానీ, అది ఇప్పుడు అమ్మ మీద లేదు.

"కొలత తీసుకో," అంటూ చేతులెత్తి నిలబడింది. "ఈసారి ఊపిరి బిగబట్టను."