బాడీ

"ఏకాంబరం అమ్మవు నువ్వేనా తల్లీ?"

వాకిట్లో ఎవరో ముసలాయన. మోకాళ్ల దాకా పంచె, చంకలో గొడుగు, బస్సు దిగి ఎండలో నడిచొచ్చిన ఆయాసం.

ఎనుముకు కుడితి కలుపుతున్న వరదమ్మ చెయ్యి ఆగిపోయింది. కొడుకు కనపడక అది మూడో రోజు.

ఏకాంబరం మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో కూలి. కూలి పెంచమని పదిమందిని కూడగట్టి గేటు ముందు కూర్చున్నాడు. సాయంత్రానికి పోలీసు జీపు వచ్చి అతనొక్కణ్ణే ఎక్కించుకుపోయింది. ఊరంతా చూసింది. స్టేషనుకు పోయి అడిగితే మాత్రం ఎస్సై, "మేం ఎవుర్నీ తేలేదు, పో" అన్నాడు.

"అట్లయితే కాణిపాకానికొచ్చి ప్రమాణం చెయ్యి సామీ, నా బిడ్డను తేలేదని!" అంది వరదమ్మ.

అబద్ధపు ప్రమాణం చేసినవాణ్ణి ఆ వినాయకుడు వదిలిపెట్టడని ఆమె నమ్మకం. ఎస్సై పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకే ఆమె ప్రాణం సగం పోయింది.

"నేనే అయ్యా. నా బిడ్డ కనపడినాడా?" అంది ఇప్పుడు ఆశగా.

"లేదమ్మా. ఫ్యాక్టరీ కూలోళ్లు చెప్తే వచ్చినా. స్టేషన్లోనే దాచిపెట్టి ఉండారంట."

"ప్రమాణానికి రమ్మంటి. రానంటాడు ఎస్సై."

"వాళ్లు ప్రమాణానికి రారు తల్లీ. కోర్టు పిలిస్తే మాత్రం రాక తప్పదు. ఎస్సై అయినా, మంత్రి అయినా రాజ్యాంగానికి లోబడాల్సిందే. మనిషిని పట్టుకుంటే ఒక దినం లోపల జడ్జి ముందర నిలబెట్టాలని దాంట్లో రాసుండాది."

రాజ్యాంగం అనే మాట వరదమ్మ ఎప్పుడో రేడియోలో విన్నది. అది తన వాకిట్లోకి వచ్చే సంగతని ఎవరూ చెప్పలేదు.

"అయితే ఇప్పుడేం చెయ్యాల?"

ముసలాయన ముఖం విప్పారింది. "నువ్వు ఊ అను, సాలు. నాతో ప్లీడరు దగ్గరికి రా. కన్నతల్లివి, నువ్వు అడిగితేనే బలం అంటాడు ఆయన. రేపే పెద్ద కోర్టులో అర్జీ వేసేస్తాడు, ఏకాంబరం బాడీని తెచ్చి చూపించమని."

"ఏందీ?"

"బాడీ తల్లీ. బాడీని కోర్టులో..."

బాడీ! ఆసుపత్రి ముందర, రైలు పట్టాల దగ్గర, బావి గట్టున జనం గుసగుసగా అనే మాట అది. వరదమ్మకు తెలిసిన బాడీ అదొక్కటే.

"నీ నోట్లో మన్నుపడ! బతికుండే నా బిడ్డను బాడీ అంటావా?"

"కాదమ్మా, అది కోర్టు మాట, నేను చెప్పేది..."

ఇంకెక్కడి చెప్పడం! కుడితి చెంబు ఎత్తి ఆయన నెత్తిన గుమ్మరించింది. కేకలకు మరిది దొరస్వామి ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఎవుడురా నువ్వు? బెదిరించి రమ్మని స్టేషనోళ్లు పంపినారా?"

"ఒక్క మాట వినప్పా..."

వింటే కదా. మెడబట్టి వీధిలోకి గెంటాడు. గొడుగు పోయి మురికి కాలువలో పడింది.

తవుడు కారే చొక్కాతో ముసలాయన వీధి మొన దగ్గర చాలాసేపు నిలబడ్డాడు, పిలుస్తుందేమోనని. వరదమ్మ పిలవలేదు. ఉప్పూ మిరపకాయలూ దిగదీసి పొయ్యిలో వేసింది. పీడ వదిలిందనుకుంది కూడా, పిచ్చితల్లి.

మూడోనాటి పొద్దున కబురొచ్చింది. ఫ్యాక్టరీ వెనక పాడుబావిలో ఏకాంబరం తేలాడు.

తాగి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. చుక్క ముట్టని బిడ్డ. చేప మాదిరి ఈదే బిడ్డ.

పెద్దాసుపత్రి శవాల గది ముందు వరదమ్మ ఏడ్చి ఏడ్చి గొంతు పోయి కూలబడింది. ఆసుపత్రి ఆయా నాగులమ్మ పక్కన కూర్చుని నీళ్లు తాగించింది.

అప్పుడు కనిపించాడు ముసలాయన, గేటు పక్కన, లోపలికి రావడానికి జంకుతూ.

వరదమ్మ లేచి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నీకు ఆ పొద్దే తెలుసు. నా బిడ్డ సచ్చిపోయినాడని చెప్పేదానికే వచ్చినావు. నేనే పాపిష్టిదాన్ని, వినకపోతిని."

"లేదు తల్లీ." ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆ పొద్దు నీ బిడ్డ బతికే ఉండినాడు."

"మరి బాడీ అంటివే?"

"బాడీ అంటే పీనుగ కాదమ్మా. దాచిపెట్టిన మనిషిని పానంతో తెచ్చి కండ్ల ముందర నిలబెట్టమని కోర్టోళ్లు అడిగే మాట అది. ప్లీడరు చెప్పింది చెప్పినట్టే నీకు చెప్తిని. సదువు లేనోణ్ణి, ఇంకో మాట చాతగాలే."

వరదమ్మ ఆయన చెయ్యి వదిలేసింది.

"ఆ పొద్దు నేను ఊ అనుంటే?"

ఆయన పై గుడ్డతో కళ్లొత్తుకుని, "పిల్లోణ్ణి ఇంటికి తీసకపోవాల గదా, బండి మాట్లాడి తెస్తా" అని రోడ్డు మీదికి నడిచాడు.

కుడితి పోసిన చేతుల్ని ఏం చేసుకోవాలో వరదమ్మకు తెలియలేదు.

"ఎవురక్కా ఆయన? ప్లీడరు గుమాస్తానా?" అని అడిగింది ఆయాను.

"గుమాస్తా యాడ! మగ్గం నేసుకునే గోవిందస్వామి" అంది నాగులమ్మ. "యా ఊర్లో ఎవుర్ని పట్టుకపోయినారని విన్నా పనొదిలేసి పరిగెత్తతాడు. నిరుడు ఆయన కొడుకును తెచ్చి చూపించమని కోర్టు ఆర్డరిస్తే, దాన్ని చేతబట్టుకోని స్టేషనుకు పోయినాడు. వాళ్లు ఈ శవాల గదికి పొమ్మన్నారు."