కుటుంబ సభ్యులు

"ఆ 'కుటుంబ సభ్యులు' అన్న మాట తీసెయ్యి," అన్నాడు వెంకటాచలపతి.

"తియ్యొద్దు," అంది హైమవతి.

ఫ్లెక్సీ షాపు ఆనంద్ బాబు మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచి ఇద్దరి మొహాలూ చూశాడు. హనుమాన్ జంక్షన్లో షాపు తెరిచిన దగ్గర్నుంచీ అతను పెళ్ళిళ్ళకి ఫ్లెక్సీలు కొట్టాడు, పుట్టినరోజులకి కొట్టాడు, ఎలక్షన్లకి కొట్టాడు. పేరు ముందు రాలేదని అలిగి వెళ్ళిపోయినవాళ్ళనీ, ఫోటో చిన్నదైందని చొక్కాలు పట్టుకున్నవాళ్ళనీ చూశాడు. ఒక్క మాట కోసం ఇంత పట్టుదల చూడడం మాత్రం ఇదే మొదలు.

స్క్రీన్ మీద పైన 'అశ్రునివాళి' అని ఉంది. దాని కింద 'దత్తాత్రేయ గారు, రెడ్డిగూడెం'. అడుగున 'శోకతప్త హృదయాలతో, రసాల అరుగు కుటుంబ సభ్యులు'. పేచీ అంతా ఆ చివరి రెండు మాటల దగ్గరే.

రసాల అరుగు అంటే దత్తాత్రేయ పెట్టిన వాట్సాప్ గ్రూపు. మామిడి మీద మనసున్నవాళ్ళంతా వచ్చి చేరారు. మేడ మీద కుండీలో మొక్క పెంచేవాళ్ళు, పూత రాలిపోతోందని గగ్గోలు పెట్టేవాళ్ళు, ఆవకాయ బూజు పట్టిందని దిగులుపడేవాళ్ళు. అందరికీ ఆయన ఓపిగ్గా వాయిస్ మెసేజీలు పెట్టేవాడు. ముందు మొక్క సంగతి అడిగేవాడు, తర్వాత మనిషి సంగతి. ఈ నెల మొదట్లో ఆ గొంతు ఆగిపోయింది. రేపు ఆయన మామిడితోటలోనే పెద్దకర్మ. అరుగువాళ్ళు ఎక్కడెక్కడి నుంచో బయల్దేరారు. ఆ గేటుకి కట్టడానికే ఈ ఫ్లెక్సీ.

అరుగు తరఫున హైమవతి జంక్షన్లో బస్సు దిగి సరాసరి షాపులోకే వచ్చింది. దత్తాత్రేయ ఇంటికి వెళ్ళడం తర్వాత అనుకుంది.

"మిత్రులు అని వెయ్యి. లేకపోతే శ్రేయోభిలాషులు అని వెయ్యి," అన్నాడు వెంకటాచలపతి. ఆయన దత్తాత్రేయకి స్వయానా తమ్ముడు. హెడ్మాస్టరుగా రిటైరైనా ఎదుటివాళ్ళ తప్పులు దిద్దే అలవాటు మాత్రం రిటైరవలేదు. "కుటుంబం అంటే ఇంటిపేరు ఉండాలి. పురుడూ మైలా ఉండాలి."

"మైల పడితేనే ఏడుపొస్తుందా అండీ?"

"చూడమ్మా, మా అన్నయ్య సంగతి నాకు తెలుసు. తోటలో తోచక ఫోన్లో కబుర్లు చెప్పుకునేవాడు. అది కాలక్షేపం. ఈ ఫోన్ చుట్టాలందర్నీ తెచ్చి కుటుంబం అని గేటుకి కడితే బంధువులు నవ్విపోతారు. అయినా మా ఇంటి విషయం చెప్పడానికి అసలు నువ్వెవరు?"

ఆ మాట హైమవతికి గుచ్చుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంటే ఓడిపోయినట్టుంటుందని తుడుచుకోలేదు.

అరుగులో అందరికీ మావయ్యయిన దత్తాత్రేయ ఆమెను ఏనాడూ పేరు పెట్టి పిలిచి ఎరగడు. 'కోడలా' అనే అనేవాడు. ఆమె భర్త పోయిన ఏడాది, అయినవాళ్ళంతా ఒక్కొక్కరే తప్పుకున్నారు. పొద్దున్నే 'కోడలా, తిన్నావా?' అని అడిగింది ఆయనొక్కడే. తిన్నానని అబద్ధమాడితే గొంతుని బట్టి పట్టేసేవాడు. ఏం తిన్నావో చెప్పు, అందులో పోపేం వేశావో చెప్పు అని వదిలేవాడు కాదు. ఆయన పోరు పడలేకే ఆమె మళ్ళీ స్టవ్ వెలిగించింది. ఆయన వల్లే బతికింది.

"నేనెవరో మావయ్యకి తెలుసు," అంది. "ఆ మాట తీసేస్తే అసలు ఫ్లెక్సీయే వద్దు. మేమంతా గేటు బయట రోడ్డు మీద నిలబడే దండం పెట్టుకుంటాం. అప్పుడు నవ్వుకోమనండి మీ బంధువుల్ని."

"బెదిరిస్తున్నావా?"

"అలాగే అనుకోండి. సరే, ఇది చెప్పండి. మావయ్యకి ఏ పండంటే ఇష్టం?"

"ఇదేం ప్రశ్న? పెద్ద రసం. సీజనొస్తే అన్నం మానేసి అవే తినేవాడు."

"షుగరొచ్చి పళ్ళు మానేసి ఎన్నేళ్ళో అయింది మాస్టారూ. రోజూ ఒక పండు తీసుకుని తొడిమ దగ్గర వాసన చూసి పక్కన పెట్టేవారు. ఆ వాసనెలా ఉందో మాకు చెప్పేవారు. మీరు తినండర్రా, నేను విని సంతోషిస్తాను అనేవారు. ఏటా ఆ తోట నుంచి బుట్టలు తీసుకెళ్ళేవారట కదా మీరు. నువ్వు తిన్నావా అన్నయ్యా అని ఒక్కసారన్నా అడిగారా?"

బయట మామిడికాయల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ నూజివీడు వైపు నుంచి వచ్చింది. వెంకటాచలపతి బెంచీ మీద చతికిలబడి దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ఏం రాసుకుంటారో రాసుకోండి," అన్నాడు చివరికి.

హైమవతి ఫోన్ మోగింది. గ్రూపులో లేయా మెసేజి పెట్టింది. 'అక్కా, మావయ్య ఫ్లెక్సీ అయిందా? మేం బస్సెక్కాం.'

'అవుతోంది. గేటు దగ్గర ఆగకండి, తిన్నగా లోపలికే రండి' అని కొట్టింది హైమవతి. ఆనంద్ బాబు వైపు తిరిగి, "అక్షరాలు ఇంకా పెద్దవి చెయ్యి బాబూ. ఆ రెండు మాటలూ రోడ్డు మీదకి కనపడాలి," అంది.

అతను పెద్దవి చేశాడు. తర్వాత మాస్టారు పంపిన ఫోటో తెరిచాడు. దత్తాత్రేయ కెమెరా అంటే మొహం తిప్పుకునే మనిషి కావడంతో ఇంట్లో వెతగ్గా వెతగ్గా దొరికింది ఇదొక్కటే. ఏదో గృహప్రవేశం నాడు అన్నదమ్ములు నలుగురూ వరసగా నిలబడి ఉన్నారు. నలుగురివీ బట్టతలలే, నలుగురివీ తెల్ల పంచెలే.

"వీళ్ళలో ఎవర్ని కట్ చెయ్యమంటారు మేడం?"

హైమవతి స్క్రీన్ దగ్గరికి వంగి ఒక్కో మొహాన్నీ తేరిపార చూసింది. చూసి, బింకం సడలకుండా తలెత్తి, వెంకటాచలపతిని అడిగింది:

"ఇందులో మా మావయ్య ఎవరండీ?"